చీమల గరిసె

పాఠ్యభాగము: సామెతలు 6:6-11, 30:24, 25, 2 థెస్సలొనీకయులకు 3:10



1931లో నిజాంసాగరు పూర్తియై కాలువ నీరు పారినది మొదలు మన బోధను ప్రాంతము చెరకు భూమియైనది. వాన వెలిసిన మరునాడు ఆ తోటల గట్లమీద నిలిచి చూడుడి. గడ్డి మొదళ్లలో చిన్న రంధ్రము, దానిచుట్టు పొట్టు కుప్ప కనబడును. అది గింజలు కూర్చు చీమల పుట్ట. లోపల తడిసిన గడ్డిగింజలను అవి నోట కరచి తెచ్చి ఎండలో పరచును. కొన్నిటి తలలు దేహమునకు మించి పెద్దవి. గట్టి గింజలను చీల్చుట వాటి పని. పని చేయునవన్నియు ఆడ చీమలే. రాణి యని పేరేగాని అది ఆజ్ఞ ఇయ్యదు, గ్రుడ్లు పెట్టును.

చలి దేశముల పండితులు కొందరు, తమ చీమలు గింజలు దాచవు గనుక సొలొమోను పొరబడెనని తలంచిరి. అయితే 1829లో సైక్స్ అను సైనికాధికారి పూనాలో చీమలు తడి గింజలను ఆరబెట్టుట చూచి వ్రాసెను. 1873లో మాగ్రిడ్జ్ అను ఆయన, దక్షిణ ఫ్రాన్సులో పుట్టలు త్రవ్వి చూచిన గింజల గదులను గూర్చి గ్రంథము ప్రకటించెను. సొలొమోను చూచినది నిజమే.

అయినను ఈ వాక్యమును నేనొకసారి తప్పుగా వాడితిని. చెరకు నరకుట ముగిసిన కాలమున ఇంట కూర్చున్న ఒక సహోదరునికి దీనిని చదివి వినిపించితిని. అతడు నెమ్మదిగా, “అయ్యగారూ, చీమకు గింజ దొరుకుతది. నాకు పనే దొరుకుతలేదు” అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సొలొమోను గద్దించినది సోమరిని. పౌలు గద్దించినది పనిచేయుటకు ఇష్టములేని వానిని. పని దొరకనివానిని వారిద్దరిలో ఎవరును గద్దింపలేదు.

మరల పుట్టయొద్దకు వెళ్లి చూచితిని. ఆ గరిసె ఏ ఒక్క చీమదియు కాదు. మోయునది ఒకటి, చీల్చునది మరియొకటి. లోపల నడువలేని పిల్లలకును దానిలో పాలున్నది. మన స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము అట్టి గరిసెయే. మరుసటి ఆదివారము ఆ బియ్యము తీసికొని అతని ఇంటికి వెళ్లి, మొదట క్షమాపణ అడిగితిని.

ఆలోచించుడి:
1. నాలో సోమరితనమున్నదా?
2. మన పేటలో పని దొరకని ఇల్లు ఏది? ఈ వారము ఆ గడపకు ఎవరు వెళ్లుదురు?