ఆటస్థలానికి చేవగల దుంగలు

ఎండాకాలంలో ఇనుప జారుడుబల్ల చురుక్కుమంటుంది. కర్ర వేడిని మెల్లగా ప్రసరింపజేస్తుంది కాబట్టి అంతగా కాలదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో ఈదురుగాలికి కూలిన వేప, తుమ్మ దుంగలను మున్సిపల్ అధికారులను అడిగి తెచ్చుకుంటే, బడి ఆవరణలో కూర్చునే మొద్దులు, నడిచే దూలాలు తయారవుతాయి. పచ్చని చెట్టును నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి.

చేవ ఉన్న కర్రనే ఎంచుకోవాలి. మన పెద్దలు బండిచక్రాలకు నల్లతుమ్మ వాడింది అందుకే. బెరడు ఒలిచేయాలి, దాని కింద తడి నిలిచి పురుగు చేరుతుంది. మట్టికి ఆనకుండా కంకర మీద పెడితే చెదలు త్వరగా పట్టవు. ముల్లు గుచ్చుకోకుండా చిత్రిక పట్టాలి. దూలం అడుగు ఎత్తు దాటకూడదు. చుట్టూ ఇసుక పోయాలి. ఏటా వానలు తగ్గాక పరీక్షించి, పుచ్చినదాన్ని తీసేయాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. వడ్రంగం తెలిసిన పూర్వ విద్యార్థులారా, ఒక ఆదివారం రండి. తమ్ముళ్లు దుంగలు మోస్తారు.