సొంత సాఫ్ట్‌వేరా, వర్డ్‌ప్రెస్సా: అల్లుడికి ఒక ఉత్తరం

హనుమకొండ,
ఆదివారం.



దబీర్‌పురా స్టేషన్ పక్క గల్లీలో వెబ్‌సైట్లు చేసిచ్చే పనికి మడిగె కిరాయికి తీసుకున్నావనీ, అప్పుడే ముగ్గురు గిరాకీలు వచ్చారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు అడిగింది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. బ్లాగు, వార్తలు, ఫొటోలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ని మనమే ఒకసారి గట్టిగా రాసుకుంటే, వచ్చిన ప్రతి గిరాకీకీ దాన్నే ఇవ్వొచ్చు కదా, వర్డ్‌ప్రెస్ మీద ఎందుకు ఆధారపడాలి అన్నావు.

రాయొద్దు. బ్లాగు వరకు వర్డ్‌ప్రెస్ పెట్టు. నీ కోడింగ్‌ని ఆ గిరాకీకి మాత్రమే ఉన్న పని మీద పెట్టు. నీకు చేతకాదని కాదు, నువ్వు నెల తిరిగేలోపు రాస్తావు, శుభ్రంగానే రాస్తావు. నా దిగులంతా ఆ తర్వాతి పదేళ్ల గురించి. రేపు నువ్వు బెంగళూరులో ఉద్యోగానికి పోవచ్చు, ఇంకో వ్యాపారం పెట్టొచ్చు. నువ్వు లేకపోయినా నీ గిరాకీల సైట్లు నడవాలి. ఏది ఎంచుకున్నా ముందు అడగాల్సింది ఇదే: రేపు నా చోట ఇంకొకడు కూర్చుంటే ఈ సైటును అందుకోగలడా?

పాతబస్తీలోనే ఒక బడి ఉంది, పేరు ఎందుకులే. ఒక ఏజెన్సీ సొంతంగా అడ్మిన్ ప్యానెల్ రాసి వాళ్లకు వెబ్‌సైటు చేసిచ్చింది. వార్షికోత్సవాల ఫొటోలు, పదో తరగతి ఫలితాలు, పిల్లలు రాసిన కథలు, అన్నీ ఏళ్ల తరబడి అందులోనే పెట్టుకుంటూ వచ్చారు. ఒక పొద్దున సైటు తెరిస్తే తెల్ల పేజీ. పైన ఒకే ఒక్క వరుస: ‘ఫేటల్ ఎర్రర్, కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్ కనెక్ట్’. హెడ్మాస్టరు గారు దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపి, ఎవరో హ్యాక్ చేశారని కంగారు పడ్డారు. ఎవరూ ఏమీ చేయలేదు. హోస్టింగ్ వాళ్లు సర్వర్‌లో పీహెచ్‌పీ 5 తీసి 7 పెట్టారు, అంతే. డేటాబేస్‌తో మాట్లాడే ఆ పాత ఫంక్షన్లను ఇక వాడొద్దని 2013లో పీహెచ్‌పీ 5.5 వచ్చినప్పుడే చెప్పారు, 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. ఈ సైటు కోడ్ నిండా అవే. మార్చడం పెద్ద పని కాదు, మార్చే మనిషే లేడు. ఏజెన్సీ షట్టర్ దించేసింది. హోస్టింగ్ పాస్‌వర్డు వాళ్ల దగ్గరే, డొమైన్ వాళ్ల ఈమెయిల్ మీదే. ఆర్కైవ్.ఆర్గ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో దొరికిన పేజీలను ఒక్కొక్కటే తీసి రాతలు కాపీ చేసుకున్నాం. ఫొటోలు చాలా వరకు పోయాయి.

అదే మార్పు వర్డ్‌ప్రెస్ సైట్లకూ వచ్చింది. కానీ 2014 ఏప్రిల్‌లో విడుదలైన 3.9 వెర్షన్‌లోనే వాళ్లు కొత్త ఫంక్షన్ల వైపు మారిపోయారు. అప్‌డేట్ చేసుకుంటూ వచ్చిన దుకాణందారుకు ఇలాంటిది ఒకటి జరిగిందని కూడా తెలియదు. నీ సొంత సాఫ్ట్‌వేర్‌కు ఆ కాపలా కాసేది నువ్వొక్కడివే. ఇరవై మంది గిరాకీలు ఉంటే ఇరవై సర్వర్ల మీద కాయాలి, అదీ ఏడాది మెయింటెనెన్సు (ఏఎంసీ) డబ్బులు ఇవ్వనివాళ్లకు కూడా.

రెడీమేడ్ సరుకు రాసినవాడు మాత్రం చేతులెత్తేయడా అంటావేమో. ఎత్తేస్తాడు. వర్డ్‌ప్రెస్ పుట్టిందే అలా. మిషెల్ వాల్‌డ్రీగి అనే ఫ్రెంచి కుర్రాడు 2001లో బీ2 అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ రాశాడు. కొన్నాళ్లకు చప్పుడు లేకుండా పోయాడు. దాన్ని వాడుతున్న మాట్ ములెన్‌వెగ్‌కు అప్పుడు 19 ఏళ్లు. నా బ్లాగు సాఫ్ట్‌వేర్ రాసినాయన కనబడటం లేదు, ఏం చేయాలి అని 2003 జనవరిలో తన బ్లాగులోనే రాసుకున్నాడు. బీ2 జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి ఎవరైనా తీసుకుని ముందుకు నడపొచ్చని అతనికి తెలుసు. ఇంగ్లండు నుంచి మైక్ లిటిల్ నేను కలుస్తానన్నాడు. ఆ మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ వచ్చింది. అప్పట్లో దానికంటే పేరున్న మూవబుల్ టైప్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ 2004లో లైసెన్సు షరతులు, ధరలు మార్చేసరికి జనం గుంపులుగా ఇటు వచ్చారు. రాసినవాడు వదిలేసినా వేరేవాడు ఎత్తుకునే హక్కు ఉండటం చాలా పెద్ద విషయం అల్లుడూ. నువ్వు రాసి నీ ల్యాప్‌టాప్‌లో దాచుకున్న కోడ్‌కు ఆ హక్కు ఎవరు ఇస్తారు?

మన భాషలోనూ ఈ పాఠం ఉంది. తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చిన తొలిరోజుల్లో యూనికోడ్‌లో తెలుగు ఉన్నా కంప్యూటర్లలో కనబడేది కాదు. విండోస్‌తో గౌతమి ఫాంటు 2001లో ఎక్స్‌పీ వచ్చాకే వచ్చింది. అందుకే ఒక్కో పత్రిక తన ఫాంటు తను చేయించుకుంది. అప్పటికి వేరే దారి లేదు, నేను వాళ్లను తప్పుపట్టను. కానీ ఏళ్లు గడిచాక ఏమైంది? ఆ అక్షరాలు గూగుల్‌కు అందలేదు, ఒక పత్రికలోంచి కాపీ చేస్తే ఇంకోచోట పిచ్చి గీతలు పడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఒకరు రాయాల్సి వచ్చింది. 1998లో మొదలైన ‘ఈమాట’ వాళ్లు అందరూ వాడే పద్ధతికి మారి, పాత సంచికలను కూడా యూనికోడ్‌లోకి తెచ్చుకున్నారు. అందుకే ఆ తొలి సంచికలను ఈరోజు నీ ఫోన్‌లో చదవగలుగుతున్నావు.

సెక్యూరిటీ గురించి నీ వాదన సగం నిజం. వర్డ్‌ప్రెస్ మీద బాట్ల దాడి ఎక్కువ, ఒప్పుకుంటా. 2017 మొదట్లో 4.7 వెర్షన్‌లో దొరికిన ఒక్క లొసుగుతో లక్షల పేజీలు పాడుచేశారు. కానీ మందు జనవరి 26నే 4.7.2గా వచ్చేసింది, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపుకోనివాళ్లు ఒడ్డున పడ్డారు. నీ కోడ్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు సందు ఉంటే నీకు ఎవరు చెప్తారు? ఎవరికీ తెలియని తాళం గట్టి తాళమని నమ్మకు. ఇక్కడే ఇంకో మాట, కోపంగానే చెప్తున్నా: ధర తగ్గించమని గిరాకీ ఎంత బతిమాలినా ‘నల్డ్’ థీములు, అంటే లైసెన్సు తాళం తీసేసిన దొంగ కాపీలు, దొంగ ప్లగిన్లు ముట్టుకోవద్దు. వాటిలో దొంగదారులు పెట్టి పంచుతారు. ఉచితంగా దొరికే మంచి థీములు బోలెడున్నాయి.

వర్డ్‌ప్రెస్‌ను అలాగని గుడ్డిగా నెత్తిన పెట్టుకోవద్దు. 2024లో ములెన్‌వెగ్‌కూ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ కోర్టుదాకా గొడవ వచ్చి, ఆ కంపెనీ నడిపే ఏసీఎఫ్ ప్లగిన్ పేజీని అక్టోబరులో వర్డ్‌ప్రెస్.ఆర్గ్ తన చేతిలోకి తీసుకుంది. వాడుకుంటున్న డెవలపర్లు బెంబేలెత్తారు. డిసెంబరులో కోర్టు ఉత్తర్వులు వచ్చాక తిరిగి ఇచ్చింది. ప్లగిన్లు ఎంత తక్కువైతే అంత మంచిదని నేను పోరేది అందుకే. కొన్ని పేజ్ బిల్డర్లు ఇంకా ప్రమాదం. తీసేసిన మరుక్షణం రాత నిండా చదరపు బ్రాకెట్ల కోడ్‌లు మిగులుతాయి. సొంత సాఫ్ట్‌వేర్‌లో ఇరుక్కోవడానికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఇక నీ ముగ్గురు గిరాకీల సంగతి.

హలీం అమ్మే బేకరీ ఆయనకు ఏం కావాలో ఆలోచించు. రంజాన్ ఎప్పుడు మొదలవుతుందో నెలవంక కనబడితేగానీ తేలదు. ఆ రాత్రి దుకాణంలో ఊపిరాడని పని ఉంటుంది, ఆయన నీకు ఫోన్ చేసి సైటులో హలీం మొదలయ్యే తేదీ మార్చమనలేడు. మొహర్రం పదో నాడు బీబీ కా ఆలవా నుంచి ఊరేగింపు బయల్దేరితే ఆ రోడ్డు మీద డెలివరీ బండి కదలదు, ఆ ముక్క కూడా సైటులో ముందే పెట్టాలి. కౌంటర్ వెనక నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, తనే మార్చగలగాలి. వర్డ్‌ప్రెస్ ఫోన్ యాప్ దీనికోసమే ఉంది. అలాంటిది నువ్వు రాసి, పరీక్షించి, ప్రతి కొత్త ఫోన్‌కూ సరిచేస్తూ కూర్చుంటే మిగతా పని ఎప్పుడు చేస్తావు?

యునానీ హకీం గారి వ్యాసాలు ఉర్దూలో, తెలుగులో రావాలన్నావు కదా. ఇక్కడ నీ చేతిపని చాలా కావాలి. ఇంగ్లీషును మనసులో పెట్టుకుని చేసిన థీముల్లో వరుసల మధ్య ఖాళీ చాలదు. మన వత్తులు కింది వరుస గుడుల మీదికి ఎక్కుతాయి, ఉర్దూ రాసే నస్తాలీఖ్‌కు అంతకంటే ఎక్కువ చోటు కావాలి. కుడి నుంచి ఎడమకు నడిచే పేజీ మొత్తం అద్దంలోలా తిరగాలి. వర్డ్‌ప్రెస్‌లో దానికి ఏర్పాటు ఉంది, మిగిలింది నువ్వు చైల్డ్ థీమ్‌లో దిద్దు. అసలు థీమ్‌లో గెలికితే తర్వాతి అప్‌డేట్‌కు నీ పనంతా ఊడ్చుకుపోతుంది.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. కాస్త పొడుగు తెలుగు శీర్షిక పెట్టి పోస్టు ప్రచురిస్తే లింకు మధ్యలోనే తెగిపోతుంది. లింకులో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాల కోడ్‌గా మారుతుంది, డేటాబేస్‌లో దానికి ఉన్న చోటు 200. అంటే 22 గుర్తులకే నిండిపోతుంది. అచ్చు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క, ‘ప్రత్యేక’ అన్న ఒక్క మాటకే ఎనిమిది పోతాయి. రెండు వ్యాసాల లింకులు తెగి ఒకేలా మిగిలితే వర్డ్‌ప్రెస్ చివర అంకె తగిలించి వదిలేస్తుంది. కాబట్టి ప్రతి పోస్టుకూ పొట్టి ఇంగ్లీషు లింకు పెట్టడం హకీం గారి అబ్బాయికి మొదటిరోజే నేర్పు.

ఛత్తా బజార్ పెళ్లికార్డుల ప్రెస్ ఆయన దగ్గర మాత్రం నీ కోడింగ్‌కు అసలైన పని ఉంది. ఆయన ఖాళీ కార్డులు బయట కొంటాడు, కాగితం తయారు చేయబోడు. పేరు, ముహూర్తం, ఏ భాషలో ఎన్ని లోపలి ఆకులు, బంగారు రంగు ఫాయిల్ ఎక్కడ, ఉర్దూ మాటర్‌ను కాతిబ్ చేత్తో రాయాలా కంప్యూటర్‌లో కొట్టాలా, అదీ ఆయన పనితనం. నువ్వూ అలాగే చెయ్యి. వంద కార్డులకు ఒక రేటు, ఐదు వందలకు ఒక రేటు, ఆకు పెరిగితే ఇంత, ప్రూఫ్ దిద్దుబాటు రెండోసారి దాటితే ఇంత, ఈ లెక్క రెడీమేడ్ ఫారమ్‌లో సిద్ధంగా దొరకదు. దాన్ని నువ్వే రాయి, ప్లగిన్‌గా విడిగా రాయి. కోడ్ ఒక కాపీ ఆయనకు ఇవ్వు, పైన నాలుగు వరుసల్లో ఇది ఏం చేస్తుందో రాసిపెట్టు.

ఎప్పుడో ఒకసారి మారే సైటైతే, ఒక అడ్వకేటు గారి ఆఫీసు అడ్రసూ పనివేళలూ లాంటిదైతే, వర్డ్‌ప్రెస్ కూడా దండగే. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టు. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, పగలగొట్టడానికి ఏమీ లేదు.

ప్రతి గిరాకీకీ డొమైన్‌ను వాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల డబ్బుతో కొనిపించు. హోస్టింగ్ పాస్‌వర్డు, అడ్మిన్ పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి చేతికివ్వు. మూడు నెలలకోసారి డేటాబేస్, ఫొటోల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వు, దాన్ని ఇంకో సర్వర్ మీద తెరిచి చూసి మరీ ఇవ్వు. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో పెట్టుకోకు. ఇలా చేస్తే గిరాకీ వేరేవాడి దగ్గరికి పోతాడని నీ పార్ట్‌నర్ భయపడుతున్నాడట. పోగలిగిన గిరాకీ నీ దగ్గర ఉన్నాడంటే నీ పని నచ్చే ఉన్నాడు. పోలేక ఉన్నవాడు ఏదో ఒకరోజు ఆ బడి హెడ్మాస్టరు గారిలా ఇంకొకరికి ఫోన్ చేస్తాడు, నీ పేరు గల్లీ గల్లీలో చెప్తాడు.

వచ్చే శనివారం కాజీపేటలో పొద్దున్నే బండి ఎక్కి, సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ మారి దబీర్‌పురాలో దిగుతా. ప్రెస్ ఆయన పాత బిల్లు పుస్తకం ఒకటి అడిగి తెచ్చిపెట్టు. నీ రేట్ల లెక్కలో ఆయన నిజంగా వేసిన బిల్లులు పెట్టి చూద్దాం, రూపాయి తేడా లేకుండా వస్తేనే సైటులో పెడదాం.

నీ మామ