రీలు మీది పట్టునూలు పైనా లోపలా సమంగా ఆరవలెను



శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, పావగడ, హోసూరు, కృష్ణగిరి వైపు మల్బరీ తోటతోబాటు ఇంటి వెనుక చరకానో, కాటేజీ బేసినో పెట్టుకుని సొంతంగా నూలు తీసే కుటుంబాల కోసం ఈ పాఠం వ్రాస్తున్నాము. గూళ్ళు సంతలో అమ్మి ఇంటికి వచ్చేవారు కూడా చదవవచ్చు. గూటికి ధర కట్టేది చివరికి నూలే గదా.

గూళ్ళు మంచివే ఉంటాయి. బేసిన్‌లో నీళ్ళు వేళకు మారుస్తారు. తెగినచోట ముడి సరిగానే వేస్తారు. అయినా పురి వేసే షెడ్డుకు వెళ్ళిన నూలు "కండెకు చుట్టబోతే తెగుతోంది" అని తిరిగి వస్తుంది, లేదా ధర కోసి తీసుకుంటారు. దీనికి కారణాలు అనేకం. వాటిలో మనం చాలా తక్కువగా పట్టించుకునేది నూలును ఆరబెట్టే పద్ధతి. నూలు తీయడానికి పడే శ్రమలో పదో వంతు కూడా దానిని ఆరబెట్టడం మీద పెట్టము.

కోలారు వైపు ఒక ఊరిలో, తుపాను ముసురు పట్టిన ఒక అక్టోబరులో, ఒక అక్క తీసిన నూలు ఇట్లాగే తిరిగి వచ్చింది. వెళ్ళి చూశాము. చిలప పైపొరలు చక్కగా విడివిడిగా ఉన్నాయి. వేళ్ళతో లోపలికి విడదీస్తే నాలుగు చోట్ల దారాలు ఒకదానికొకటి అతుక్కుని పుల్లలా గట్టిపడి ఉన్నాయి. "సారూ, చెయ్యి పెడితే పొడిగానే ఉండె గదా!" అన్నది ఆమె. ఆమె అన్నది అబద్ధం కాదు. చెయ్యే మోసం చేసింది.

చెయ్యి ఎందుకు మోసపోతుంది?

పట్టు తేమను దాచుకునే దారం. తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు. కట్టుకునే చీరకు ఇది గొప్ప గుణం. చెమట పట్టినా ఒంటికి అంటుకోదు. నూలు తీసేవారికి మాత్రం ఇదే చిక్కు. మీరు తాకేది పైపొరను. 21 డెనియర్ నూలైతే 100 గ్రాముల చిలపలో దారం పొడవు సుమారు 43 కిలోమీటర్లు ఉంటుంది. ఒకటిన్నర మీటరు చుట్టుకొలత గల పెద్ద రీలు మీద అది 28 వేలకు పైగా చుట్లు. అన్ని చుట్లలో మీ వేలికి తగిలేవి ఎన్ని?

ఇక జిగురు సంగతి. ముడి పట్టు బరువులో సుమారు నాలుగో వంతు జిగురే. దీనినే సెరిసిన్ అంటారు. గూటిలో పురుగు రెండు పోగులను అతికించింది ఈ జిగురుతోనే. వేడినీళ్ళలో మెత్తబడుతుంది, ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది. బేసిన్ నుండి వచ్చే దారం తడి మీద ఉంటుంది, దాని మీద మెత్తబడిన జిగురు ఉంటుంది. దారం పక్కదారానికి తగలకముందే ఆరితే జిగురు దాని పోగులను మాత్రమే కలిపి ఉంచుతుంది. అది మనకు కావలసినదే. పక్కదారాన్ని ఆనుకుని తడిగా ఉండి, అక్కడే మెల్లగా ఆరితే రెండింటినీ కలిపి అతికిస్తుంది. మొత్తం తంటా ఇంతే. వేగంగా ఆరిందా, ఆలస్యంగా ఆరిందా అన్నదానికంటే, అన్ని చోట్లా ఒకే విధంగా ఆరిందా అన్నదే ముఖ్యమని గమనించగలరు.

మిల్లులవారికీ ఇదే తగాదా

ఈ చిక్కు పట్టుకే వచ్చినది కాదు. ఆర్ట్ సిల్కు అని మనం పిలిచే విస్కోసు రేయాన్ సంగతి చూడండి. ఆ దారాన్ని వేగంగా తిరిగే పెట్టెలో గోడలకు చుట్టుకునేలా చేసి, మధ్యలో బొక్క ఉన్న ఉండగా తీస్తారు. దానిని కేకు అంటారు. కేకును కడిగి ఆరబెట్టవలెను. విస్కోసు తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వేడి గాలిలో పెడితే పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా తడిగానే ఉంటుంది. తరువాత లోపలిది ఆరేటప్పుడు దాని మీద పడే లాగుడు వేరుగా ఉంటుంది. చూపుకు ఏమీ తెలియదు. బట్ట నేసి రంగులో ముంచినప్పుడు ఒకచోటి దారం ముదురుగా, మరొకచోటిది లేతగా రంగు పట్టి అడ్డచారలు కనిపిస్తాయి. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు.

దీనికి మిల్లులు కనిపెట్టిన ఉపాయాలన్నిటిలో ఒకే మాట కనిపిస్తుంది: పైపొరను తొందరపడి ఆరనివ్వరాదు. మొదట యంత్రంలో గిర్రున తిప్పి కారే నీటిని బయటికి చిమ్మిస్తారు. తరువాత వేడి గాలిలోనే కొంత తేమ ఉంచి, పైపొర బిగుసుకోకుండా నెమ్మదిగా ఆరబెడతారు. రంగు వేసిన నూలు ఉండలైతే వాటిని చుట్టిన గొట్టానికి చిల్లులు ఉంటాయి. ఆ చిల్లుల గుండా గాలిని ఉండలోకి తోస్తారు. ఇప్పుడు చాలా రంగుల మిల్లుల్లో రేడియో తరంగాల యంత్రాలు ఉన్నాయి. ఆ తరంగాలు నీరు ఎక్కడ ఉంటే అక్కడే వేడి పుట్టిస్తాయి గనుక ఉండ నడుమ, పైన ఒకేసారి ఆరుతాయి. పాలిస్టరు నూలుకు ఇంత యాతన లేదు. అది తనలోకి పీల్చుకునే తేమ 0.4 శాతమే, మిగతాది పైన అంటిన నీరు. వ్యాపారపు లెక్కలో పత్తికి 8.5 శాతం, పట్టుకు 11 శాతం, విస్కోసుకు 13 శాతం తేమ ఒప్పుకుంటారు. ఈ అంకె పెరిగేకొద్దీ ఆరబెట్టే పని కష్టమవుతుందని స్థూలంగా అనుకోవచ్చు.

మన ఇంట్లో రేడియో యంత్రం పెట్టలేము. పెట్టవలసిన అవసరమూ లేదు. మిల్లులో ఉండకు లేని ఒక సదుపాయం మన రీలుకు ఉన్నది: అది తిరుగుతుంది, దాని మీద దారం పలుచగా పరుచుకుంటుంది. ఆ సదుపాయాన్ని వాడుకోవడమే మనం చేయవలసినది.

చరకా మీద

చరకాలో దారం బేసిన్ నుండి నేరుగా పెద్ద రీలుకు ఎక్కుతుంది. మళ్ళీ చుట్టడం ఉండదు గనుక ఆరవలసినదంతా అక్కడే ఆరవలెను. రీలు పుల్లల మధ్య గాలిలో వేలాడే దారం సులభంగా ఆరుతుంది. పుల్ల మీద ఆనిన దారానికి గాలి ఒక పక్కనుండే తగులుతుంది. పైగా పొర మీద పొర లాగుడుతో అదుముకుంటుంది. జిగురు మచ్చలు అక్కడే పడతాయి. పైన చెప్పిన అక్క చిలపలో నాలుగు చోట్ల గట్టిపడటానికి కారణం ఆమె రీలుకు నాలుగు పుల్లలు ఉండటమే.

కాబట్టి పుల్ల అంచు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండరాదు. నున్నగా, సన్నగా, గుండ్రంగా చెక్కించవలెను. వడ్రంగికి ఒక పూట పని. దారాన్ని అటూ ఇటూ నడిపించే కర్ర సరిగా ఆడుతున్నదా లేదా రోజూ చూసుకోవలెను. అది ఆడితే దారాలు వలలాగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి, సందుల్లోకి గాలి పోతుంది. అది నిలిచిపోతే దారాలన్నీ ఒకే గాడిలో పడి తాడు అయిపోతాయి. ఈ కర్ర అరిగిపోయి ఆడని చరకాలు ఎన్నో చూశాము. అడిగితే "అట్లనే నడుస్తా ఉంది సార్" అంటారు.

బేసిన్ ఆవిరి నేరుగా రీలు మీదికి కొట్టకుండా చూసుకోవలెను. ఆవిరి పోవడానికి కప్పులో సందు ఉంటే చాలా మేలు. చిలపను మరీ మందంగా పెంచరాదు. ఎక్కువ చుడితే పూటకు ఒక చిలప తక్కువ విప్పవలసి వస్తుందన్న ఆశ సహజమే, కానీ ఆ మందం లోపలే తడి నిలుస్తుంది. నూలు తీయడం ముగిసిన తరువాత రీలును ఖాళీగా కొంతసేపు తిప్పుతూ ఉంచి, ఆరిన తరువాతే చిలప విప్పవలెను.

కొందరు రీలు కింద బొగ్గుల కుంపటి పెడతారు. మేము దీనిని కాదనము, ముసురు రోజుల్లో వేరే దారి ఉండదు. అయితే పొగ పోయి నిప్పులు బూడిద కట్టిన తరువాతే కుంపటిని లోపలికి తేవలెను. రీలుకు దూరంగా, దాని వెడల్పంతా వేడి తగిలేలా పరచి పెట్టవలెను. రీలు ఆగితే కుంపటి వెంటనే పక్కకు జరపవలెను. ఆగిన రీలు కింద నిప్పు ఉంటే కింది పక్క కాగి, పై పక్క తడిగా మిగులుతుంది. పొగ మసి పట్టుకు అంటితే పోదు.

ఎండలో మాత్రం ఆరబెట్టరాదు. ఎండ పట్టును పచ్చబరుస్తుంది, బలం తీస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో పైపొర గబగబా ఆరి గట్టిపడి లోపలి తడిని మూసేస్తుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరవలెను.

కాటేజీ బేసిన్ ఉన్నవారికి

ఇందులో దారం మొదట చిన్న రీలుకు ఎక్కుతుంది, తరువాత పెద్ద రీలుకు మళ్ళీ చుడతారు. ఈ రెండో చుట్టడం వల్ల చెడిపోయిన పని సవరించుకునే అవకాశం ఉన్నది. అదే సమయంలో రెండు చోట్ల తప్పు జరిగే అవకాశమూ ఉన్నది.

మొదటి తప్పు, చిన్న రీలును రాత్రంతా వదిలేయడం. తెల్లవారేసరికి పైపొర ఆరి అతుక్కుంటుంది. మళ్ళీ చుట్టేటప్పుడు దారం పొరనుండి ఊడి రాక తెగుతుంది. తెగినప్పుడల్లా కొస వెదకడానికి నాలుగు చుట్లు పీకి పారేస్తారు. ఆ పారేసిన దారం మీ డబ్బే. వీలైనంతవరకు తీసిన రోజే మళ్ళీ చుట్టవలెను. వీలుకానప్పుడు తడిబట్ట కప్పి ఉంచవలెను, అదీ ఒక్క రాత్రి మాత్రమే. ఎక్కువ రోజులు తడిగా ఉంటే బూజు పడుతుంది. ఆరి గట్టిపడిన చిన్న రీళ్ళను నీళ్ళలో ముంచి గాలి లాగేసే తొట్టిలో పెడితే నీరు లోపలి పొరల దాకా పోయి జిగురు మళ్ళీ మెత్తబడుతుంది. ఊరికే చెంబుతో పైన నీళ్ళు చల్లితే మాత్రం పైపొర తడిసి లోపలిది గట్టిగానే ఉంటుంది, ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది.

రెండో తప్పు, పెద్ద రీలును చల్లటి గాలిలో తిప్పి ఆరిపోయిందనుకోవడం. పెద్ద రీలు చుట్టూ పెట్టెలాగా మూసి, కింద ఆవిరి గొట్టమో వేరే వేడో ఉంచి, లోపలి వేడి 35 నుండి 40 డిగ్రీల వరకు ఉండేలా చూడవలెను. అంతకు మించి కాల్చనక్కరలేదు. పెట్టెలో చేరిన తేమ గాలి పైనుండి బయటికి పోవడానికి సందు ఉండవలెను. సందు లేకపోతే ఆ తేమే తిరిగి నూలుకు ఎక్కుతుంది. చిలప నిండాక నాలుగు చోట్ల దారంతో పాయలు విడదీసి కట్టవలెను. తరువాత మరికొంతసేపు వేడిలో తిప్పి దించవలెను. దించిన వెంటనే మెలిపెట్టి కట్టలు కట్టరాదు. నీడగదిలో ఒక రాత్రి వేలాడదీస్తే ఎక్కువ ఆరిన పొర గాలినుండి తేమ తీసుకుంటుంది, తక్కువ ఆరినది వదులుతుంది, రెండూ ఒక దారికి వస్తాయి.

తూకంలో మీ లాభనష్టాలు

కొంచెం తడి ఉంటే తూకం తూగుతుందని కొందరి లెక్క. ఆ లెక్క చూద్దాం. ఒప్పుకున్న 11 శాతం తేమతో 10 కిలోలు తూగే నూలులో అసలు పట్టు 9 కిలోల 10 గ్రాములు. 14 శాతం తేమతో అమ్మితే 10 కిలోల 270 గ్రాములు తూగుతుంది. 270 గ్రాములు వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ తేమ పరీక్ష చేయించే కొనుగోలుదారు దానిని ఎట్లాగూ తీసివేస్తాడు. పరీక్ష లేకుండా కొనేవాడు మచ్చలు చూసి మొత్తం లాటుకే ధర తగ్గిస్తాడు. మళ్ళీసారి మీ నూలంటేనే వెనకాడతాడు.

కుంపటి ఎక్కువ పెట్టి 6 శాతానికి ఆరబెట్టి అదే పూట అమ్మేవారిది ఇంకొక రకం నష్టం. అదే పట్టు 9 కిలోల 550 గ్రాములే తూగుతుంది. 450 గ్రాముల ధర ఎవరికీ తెలియకుండా పోయినట్టే. పైగా మరీ ఆరిన పట్టు పెళుసుగా ఉండి తెగుతుంది. అందుకే ఒక రాత్రి నీడలో ఉంచమని చెప్పడం.

చిలప లోపల ఆరిందా లేదా తెలుసుకోవడానికి యంత్రం అవసరం లేదు. ఇంట్లో గ్రాములు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. ఒకే చిలపను ఒకే గదిలో సాయంత్రం మూడుసార్లు, గంటకు ఒకసారి తూచి గోడ మీద వ్రాసుకోండి. బరువు ఇంకా తగ్గుతూ ఉంటే లోపల తడి ఉన్నట్టు. మూడు తూకాలూ ఒకటిగా వస్తే ఆరినట్టు. తరువాత పుల్ల మీద ఆనిన చోటును రెండు చేతుల వేళ్ళతో విప్పి వెలుతురుకు పట్టి చూడవలెను. దారాలు విడివిడిగా జారితే కట్ట కట్టవచ్చు. అతుక్కుని ఉంటే అక్కడ మాత్రం గోరువెచ్చటి నీటితో తడిపి, వేళ్ళతో మెల్లగా నలిపి విడదీసి, మళ్ళీ నీడలో వేలాడదీయవలెను. గుంజరాదు.

కట్టిన చిలపలను మట్టి గోడకు ఆనించిగాని, నేల మీద గాని పెట్టరాదు. చెక్క బల్ల మీద, పొడి గుడ్డ పరచి పెట్టి, ముసురు రోజుల్లో సంతకు తీసుకుపోయేటప్పుడు గోనెసంచి లోపల ప్లాస్టిక్ కాగితం వేసుకోవలెను. ఇంటికి తెచ్చి చాలా రోజులు నిలవ పెట్టవలసి వస్తే మాత్రం ఆ ప్లాస్టిక్ తీసివేయవలెను.