అశోక్‌నగర్‌లో చదివే బిడ్డ పరీక్షకు ఎందుకు వెళ్లలేదు

2024 డిసెంబరు 15, 16 తేదీల్లో తెలంగాణ గ్రూప్-2 పరీక్ష జరిగింది. 783 ఉద్యోగాలకు అయిదున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. పరీక్ష హాలుకు వచ్చినవాళ్లు అందులో సగం కంటే తక్కువ. రానివాళ్లలో చాలామందికి సరైన కారణాలే ఉండి ఉంటాయి. ఎక్కడో ఉద్యోగం దొరికి ఉంటుంది, పెళ్లయి ఊరు మారి ఉంటారు, ఆశ వదిలేసి వేరే పనిలో పడి ఉంటారు. కానీ హైదరాబాద్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లుండే అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో కొన్నాళ్లు ఉన్నవాళ్లను అడిగితే ఇంకో రకం అభ్యర్థుల గురించి చెబుతారు. ఏళ్లపాటు అక్కడే ఉండి, రోజూ రీడింగ్ రూమ్‌కు పోయి, హాల్‌టికెట్ ప్రింటు కూడా తీసుకుని, ఆ పొద్దున మాత్రం గది దాటనివాళ్లు. పొద్దున పేపర్ రాసి మధ్యాహ్నం పేపర్‌కు ఆగకుండా వచ్చేసినవాళ్లు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ‘మంచిగనే రాసిన నాయినా’ అని చెప్పినవాళ్లు.

ఈ మాటలు ఆ బిడ్డల అమ్మానాన్నల కోసం. సిద్దిపేట దగ్గరో, అచ్చంపేట దగ్గరో ఊళ్లో ఉండి, నెలనెలా హాస్టల్‌కూ మెస్‌కూ డబ్బు పంపుతూ, వాడు చదువుతున్నాడో లేదో తెలియక, అడగాలంటే భయపడుతున్న మీకోసం.

ముందుగా ఒక సంగతి నమ్మండి. మీ బిడ్డది బద్ధకం కాకపోవచ్చు. బద్ధకస్తుడు పొద్దున ఆరింటికి లేచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పరుగెత్తడు. లోపల చోటు దొరక్కపోతే ఆవరణలో చెట్టు కింద కూర్చుని రాత్రిదాకా ఉండడు. శ్రమ ఉంది. ఆ శ్రమ అంతా పరీక్షకు పక్కనుంచి వెళ్లిపోతోంది. ఒకే పుస్తకానికి మూడోసారి నోట్సు రాస్తాడు. జిరాక్స్ షాపులో కొత్త మెటీరియల్ కొంటాడు, పాతది సగంలో ఆగిపోతుంది. టాపర్లు ఎలా చదివారో చెప్పే వీడియోలు గంటల తరబడి చూస్తాడు. గ్రూప్-2 దగ్గరపడుతుంటే గ్రూప్-1కు మారతాడు, అది దగ్గరపడితే జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ మంచిదంటాడు. వచ్చిన పాఠాన్నే మళ్లీ చదువుతాడు, రాని ఎకానమీ వైపు చూడడు. టెస్ట్ సిరీస్‌కు డబ్బు కట్టి ఒక్క టెస్టూ రాయడు. పరీక్ష వారంలో రాత్రి రెండు దాకా టీ బండి దగ్గర కటాఫ్ ఎంత ఉండొచ్చో చర్చిస్తాడు. ఆ తర్వాత అడిగితే ‘ఈసారి సీరియస్‌గా చదవలేదు’ అంటాడు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. సీరియస్‌గా చదవలేదు కాబట్టి రాలేదు అంటే, చదివితే వచ్చేదని అర్థం. అంటే తెలివి భద్రంగా ఉంది, దాన్ని ఎవరూ కొలవలేదు. పూర్తిగా చదివి, పూర్తిగా రాసి, అప్పుడు కూడా రాకపోతే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆ భయమే పరీక్షకు ముందే ఒక సాకును సిద్ధం చేసి పెడుతుంది. పిల్లవాడు దీన్ని కావాలని చేయడు, చేస్తున్నట్టు వాడికే తెలియదు.

అమెరికాలో ఎడ్వర్డ్ జోన్స్, స్టీవెన్ బెర్గ్‌లాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో దీనిమీద ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరికి జవాబు కనుక్కోగల ప్రశ్నలిచ్చారు, కొందరికి అసలు జవాబే లేని ప్రశ్నలిచ్చారు. రెండు గుంపులకూ ‘చాలా బాగా చేశారు’ అని చెప్పారు. ఇంకో పరీక్షకు ముందు రెండు మందులు చూపించి, ఒకటి బుర్రను చురుకు చేస్తుంది, ఇంకోటి మందగింపజేస్తుంది, ఏది కావాలో తీసుకోమన్నారు. ఎలా గెలిచామో తెలియకుండానే మెప్పు పొందిన మగపిల్లల్లో ఎక్కువమంది మందగింపజేసే మందునే ఎంచుకున్నారు. ఆ మెప్పు రెండోసారి నిలవదేమోనని లోపల భయం. మందు వేసుకుంటే తప్పు దానిమీదికి పోతుంది. మన పిల్లలకు ఆ మందు అవసరం లేదు. నిద్ర లేకుండా పరీక్షకు పోవడం ఉంది, ఆఖరి వారంలో సబ్జెక్టు మార్చడం ఉంది.

ఇప్పుడు ఇంటి వైపు చూద్దాం. పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చినప్పటి నుంచీ మన ఇళ్లలో ఒక మాట నడుస్తుంది: ‘మావోనికి తెలివి మస్తుంటది, కూసుంటే కొడ్తడు.’ ప్రేమతోనే అంటాం. చుట్టాల ముందు, వాడు వింటుండగా అంటాం. కానీ ఆ మాట విన్నవాడికి కూర్చోవడమే ప్రమాదం అవుతుంది. కూర్చుని కొట్టలేకపోతే అమ్మానాన్నలు ఇన్నేళ్లు నమ్మినదంతా అబద్ధమైపోతుంది. కూర్చోకుండా ఉన్నంతకాలం ఆ నమ్మకం చెక్కుచెదరదు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలమీద చేసిన అధ్యయనంలో ఇదే తేలింది. తెలివైనవాడివని మెచ్చుకున్న పిల్లలు తర్వాత తేలిక ప్రశ్నల వైపు మళ్లారు, కష్టమైనవి తప్పగానే ఉత్సాహం పోగొట్టుకున్నారు. బాగా కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవాటినే అడిగారు. తమ మార్కుల గురించి అబద్ధం చెప్పినవాళ్లు కూడా తెలివిని మెచ్చుకున్న గుంపులోనే ఎక్కువ. ‘మంచిగనే రాసిన నాయినా’ అనే ఫోన్ ఎక్కడి నుంచి వస్తుందో దీంతో కొంత అర్థమవుతుంది.

కాబట్టి ఆ మాట ఇక అనకండి. ఇరవై ఎనిమిదేళ్లవాడైనా సరే, ఈరోజు నుంచి ఆపవచ్చు.

అయితే తప్పంతా పిల్లలదో ఇంటిదో అనుకుంటే అది పెద్ద అన్యాయం. గ్రూప్-1 సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలతో కొత్త నోటిఫికేషన్ వచ్చాక జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. గ్రూప్-2 తేదీ 2023 ఆగస్టు నుంచి నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు, చివరికి డిసెంబరుకు జరిగింది. ఇన్నిసార్లు ఊపిరి బిగబట్టి, ఇన్నిసార్లు వదిలేసినవాడికి ‘ఈసారి కూడా జరగదులే’ అనిపించడం సహజం. అశోక్‌నగర్ చౌరస్తాలో అభ్యర్థులు నిరసనగా రోడ్డెక్కినప్పుడు ఆ కోపం న్యాయమైన కోపం.

చిక్కు ఏమిటంటే, నిజమైన కారణం వెనక సాకు చాలా బాగా దాక్కుంటుంది. పరీక్షలు పెట్టే కమిషన్ తప్పు కమిషన్‌దే, రాయని టెస్టు మాత్రం వీడిదే. తల్లిదండ్రులు సాధారణంగా ఈ రెండింట్లో ఒకటే చూస్తారు. కొందరు ‘అంతా సర్కారు చేసింది’ అని బిడ్డను వెనకేసుకొస్తారు, కొందరు ‘పక్కింటోనికెట్లొచ్చింది మరి’ అని పొడుస్తారు. ముందు మొదటిదాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. ‘మీకు అన్యాయం జరిగింది, నాకు తెలుసు’ అని చెప్పండి. ఆ మాట విన్నాకే రెండోదాని గురించి వాడు మీతో మాట్లాడగలడు.

ఎలా మొదలుపెట్టాలి అంటే, ఫోన్‌లో కాదు. ఒకసారి వెళ్లండి. బస్సు జేబీఎస్‌లో దిగినా ఎంజీబీఎస్‌లో దిగినా ఒకే మెట్రో లైను చిక్కడపల్లి స్టేషన్‌లో దింపుతుంది. తనిఖీకి వచ్చినట్టు వెళ్లకండి, ముందే చెప్పి వెళ్లండి. వాడు తినే మెస్‌లో తినండి, వాడు కూర్చునే లైబ్రరీ చూడండి, సాయంత్రం ఇందిరా పార్కు దాకా నడవండి. ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడగొద్దు. దానికి వాడి దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. ‘ఏది చదవాలంటే బుగులైతున్నది బిడ్డా?’ అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఫరవాలేదు, రెండోరోజు ఫోన్‌లో వస్తుంది.

ఆ తర్వాత ఒక్కటే కోరండి: వారానికి ఒక పాత పేపర్, గడియారం పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా రాయడం. గ్రూప్-2 పేపరైతే 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మార్కులు మీకు చెప్పనక్కర్లేదని మీరే అనండి. రాశావా లేదా అన్నదే అడగండి. నలభై వచ్చినా, అరవై వచ్చినా ఆకాశం విరిగిపడదని వాడి ఒంటికి తెలియాలి. ఆ సంగతి మాటలతో తెలియదు, పదిసార్లు రాస్తే తెలుస్తుంది. ఒక వారం రాయకపోతే తిట్టకండి, మరుసటి వారం మళ్లీ అడగండి. కెనడాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. క్షమించుకోలేనివాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. ఇంట్లో క్షమ దొరకనివాడికి తనను తాను క్షమించుకోవడం ఎక్కడ అలవాటవుతుంది?

డబ్బు సంగతి దాచకండి, అలాగని దాంతో కొట్టకండి. ‘నీకోసం ఎకరం అమ్మినం’ అన్న మాటతో ఎవరూ చదవలేరు. ఎంత అప్పు ఉంది, ఎన్నాళ్లు పంపగలరు అన్నది అంకెల్లో, కోపం లేకుండా, ఒకసారి చెప్పండి. పెద్దవాడిగా చూసి చెబితే పెద్దవాడిలాగానే వింటాడు.

ఇంకో సంగతి వేరుగా చెప్పాలి. నెలల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, పండక్కి కూడా రాకపోవడం, ‘నేనుండి ఏం లాభం’ వంటి మాట ఒక్కసారి అనడం. ఇవి కనిపిస్తే ఇక్కడ రాసిన సలహాలన్నీ పక్కన పెట్టి అదే రోజు బస్సెక్కండి, వాడిని ఒంటరిగా ఉంచకండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి అయినా ఎత్తుతారు. గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. గాంధీ ఆస్పత్రి చిక్కడపల్లి నుంచి అదే మెట్రో లైనులో కొద్ది నిమిషాల దూరం.

చివరగా, గడువు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఉద్యోగాలకు గరిష్ఠ వయసును రెండేళ్లపాటు 46కు పెంచింది. అవకాశాలు పోగొట్టుకున్నవాళ్లకు అది న్యాయమే, కానీ ఎప్పుడు ఆపాలో ఇలాంటి నియమాలు మీ బిడ్డకు చెప్పవు. ఇంట్లోనే, ఇద్దరూ కూర్చుని, పరీక్ష లేని నెలలో మాట్లాడుకోవాలి. ఏ పరీక్షలు, ఎన్నిసార్లు, ఆ తర్వాత ఏ పని. తర్వాతి పని పేరు కూడా ఆరోజే అనుకోవాలి, బీఈడీ కావచ్చు, ప్రైవేటు ఉద్యోగం కావచ్చు, ఊళ్లో షాపు కావచ్చు. చుట్టాలు అడిగితే జవాబు మీరే చెబుతామని మాటివ్వండి, దసరాకు ఇంటికి రావడానికి ఆ ప్రశ్నొక్కటే చాలామందికి అడ్డం.

గడువు వచ్చాక వాడు ఇంకొక్క అవకాశం అడుగుతాడు. అప్పుడు ఎన్ని మార్కులతో పోయిందని చూడకండి. ఈ ఏడాదిలో చివరిదాకా రాసిన పేపర్లు ఎన్నో చూడండి. వారం వారం రాసి, హాలుకు పోయి, నాలుగు పేపర్లూ పూర్తిచేసి కూడా రాకపోతే, మీకు స్తోమత ఉంటే ఇంకొక్కసారి పంపండి. రాయకుండానే అడిగితే వద్దనండి, సామాను తెచ్చుకోవడానికి మీరే తోడు వెళ్లండి.