గడియారం వెనుక వైపు

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట పూర్తి కావచ్చేసరికి సందర్శకులంతా ఒకే గడియారం ముందు చేరతారు. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన ఆ గడియారంలో గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. చూడవలసిన వేడుకే. అయితే ఇంగ్లండులో 17, 18 శతాబ్దాలలో తయారైన బల్లగడియారాల పనితనం తెలియాలంటే వాటిని వెనుక నుండి చూడాలి.

పొడవాటి నిలువు గడియారం బరువుగుండ్లు దిగడంవల్ల నడుస్తుంది. దానిని ఊరికే కదల్చరాదు. బల్లగడియారానికి చుట్టిన ఉక్కు స్ప్రింగే ప్రాణం. అందుచేతనే దానికి పైన పిడి అమర్చి, ఒక గది నుండి మరొక గదికి మోసుకుపోయేవారు. తాడు లాగితే గడచిన గంటను మరల మోగించే ఏర్పాటు కొన్నింటికి ఉండేది. అగ్గిపుల్లలు లేని కాలంలో, నడిరాత్రి చీకటిలో, అది ఎంతటి సదుపాయమో ఊహించవచ్చు!

స్ప్రింగుతో చిక్కొకటి ఉంది. బిగించిన కొత్తలో బలంగా లాగుతుంది. విడివడిన కొద్దీ నీరసిస్తుంది. ముల్లు మాత్రం ఒకే తీరున నడవాలి. ఇందుకు పనివారు ఫ్యూజీ అనే శంకువు ఆకారపు కప్పీని వాడారు. దాని చుట్టూ మెలికలు తిరిగిన గాడి, ఆ గాడిలో పేగుతాడో సన్నని గొలుసో ఉంటుంది. విసుర్రాయి పిడి నడిమికి దగ్గరగా ఉంటే తిప్పడం కష్టం, అంచున ఉంటే సులభం గదా! ఇక్కడా అదే సూత్రం. స్ప్రింగు బలంగా ఉన్నపుడు గొలుసు శంకువు సన్నని కొసను లాగుతుంది. నీరసించేసరికి వెడల్పు భాగానికి చేరుతుంది. చక్రాలకు అందే శక్తి దాదాపు సమానంగా ఉంటుంది.

ఈ యంత్రాన్ని మోసే ఇత్తడి పలక వెనుక తలుపు అద్దంలో నుండి కనిపిస్తుంది. దానిపై ఆకులను, పూలతీగలను సన్నని ఉలితో చెక్కేవారు. కరీంనగర్ వెండి తీగపని ఎరిగినవారికి ఆ మెలికలు కొత్తగా తోచవు. ఇక ఆదిలాబాద్ ఓజాలది ఇత్తడి పోతపని. మట్టి దిమ్మపై మైనపు తీగలు చుట్టి, మీద మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిన చోట ఇత్తడి నిండుతుంది. బొమ్మను తీయాలంటే అచ్చును పగులగొట్టక తప్పదు. కనుక ప్రతి బొమ్మకూ కొత్త అచ్చే. ఈ రెండు కళలకూ వరుసగా 2007, 2018 సంవత్సరాలలో భౌగోళిక గుర్తింపు లభించింది.

కమ్మరి కుమారుడైన థామస్ టాంపియన్ (1639–1713) గొప్ప గడియారకర్తగా పేరొంది, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి పొందాడు. అతని పేరు గడియారాల ముఖంపైనే ఉంటుంది. వెనుక పలకలు చెక్కిన చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. కరీంనగర్ వెండి పళ్ళెం కొన్నవారూ, ఓజాల ఇత్తడి నెమలిని కొన్నవారూ చేసినవారి పేరు అడగడం అరుదు.