అంకుడు – కొడిసె

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సరిహద్దులలో తూర్పుకనుమలు నిలిచియున్నవి. ఆ కొండవాలులందును, మెట్టనేలలందును పెరుగు చిన్న చెట్లలో అంకుడు, కొడిసె యనునవి రెండు. పొదలుగా నున్నప్పుడు ఈ రెంటిని వేరుపరచుట సులభము కాదు. రెంటికిని ఆకులు ఎదురెదురుగా జంటలై పుట్టును, కొమ్మ విరిచినచో రెండును తెల్లని పాలు కార్చును, పూవులును తెల్లనివే. ఇంత పోలిక యుండుటచేతనే కొడిసెపట్టకు బదులు అంకుడుపట్ట అంగళ్లలో చెల్లుచు వచ్చినది. రక్తవిరేచనములకు ఆయుర్వేదము చెప్పిన కుటజము కొడిసెయే. అంకుడుపట్ట కషాయము త్రాగిన రోగికి గుణము కనిపించకున్నచో ఆ తప్పు మందుది కాదు, చెట్టును గుర్తింపలేనివారిది.

ఆకును మాత్రమే చూచి పేరు చెప్పుట తొందరపాటు. కొడిసె ఆకు సాధారణముగా పెద్దది, వెడల్పయినది. కాని లేతకొమ్మలపై ఈ భేదము నిలువదు. వేసవి రావలెను. అప్పుడు పూవును చేతబట్టి చూచినచో సందేహము తీరును. అంకుడుపూవు గొంతుచుట్టును సన్నని పోగులవంటి తెల్లని కుచ్చు ఉండును. దాని నడుమ కేసరములు మొనదేలి పైకి కనిపించును. కొడిసెపూవు గొంతు బోడిగా నుండును. కేసరములు గొట్టములో దాగియుండును. కొడిసె తొలకరి వానలలో కూడ పూయును. మేఘసందేశమున కాళిదాసుని యక్షుడు ఆషాఢమేఘమున కర్పించినవి ఈ పూవులే.

వానకాలమున కాయలు దిగును. ఒక్కొక్క పూవునకు రెండేసి సన్నని కాయలు, జానెడు మొదలు మూరెడు వరకు పొడవు. అంకుడుకాయల కొనలు లేతతనమున ఒకదానినొకటి అంటియుండి పట్టకారువలె కనిపించును. కొడిసెకాయలు మొదటినుండియు విడివిడిగనే వ్రేలాడును. దూరమునుండి చూచువారికి ఇంతకంటె మంచి గుర్తు లేదు.

అంకుడు కుటజము కాకపోయినను పనికిమాలినది కాదు. శామలకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు దాని ఆకులనుండి నీలిరంగు తీయు విధమును వర్ణించెను. తెల్లని మెత్తని దాని కర్రతోనే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

శిశిరమున ఆకులు రాలును, ఎండుకాయలు పగులును, దూదితో గింజలు గాలికెగురును. కొడిసెగింజకు ఆ దూది కాయకొన వైపునను, అంకుడుగింజకు తొడిమ వైపునను ఉండును. ఇక రుచి. తెలియని గింజను బాలురు నోట వేసికొనరాదు గాని, వైద్యులకు ఇది పాత పరీక్ష. ఉత్తరదేశపు అంగళ్లలో అంకుడుగింజను తీపి ఇంద్రజౌ అనియు, కొడిసెగింజను చేదు ఇంద్రజౌ అనియు పిలుతురు. వైద్యుడు కోరునది చేదుగింజనే.