వట్టివేరు వాసన, తణ్హ వేరు

మన అనుభవానికి ఆరు ద్వారాలు ఉన్నాయని బుద్ధుడు చెప్పాడు: కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనసు. ఈ పాఠంలో ముక్కు సంగతి చూద్దాం.

వేసవిలో ఎవరో వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లుతారు. ఆ వాసన ముక్కుకు తగలగానే ముప్పై, నలభై ఏళ్ళు వెనక్కి పోతాం. మధ్యాహ్నం చీకటి గది, మూలన మట్టి కుండ, ముంజలు తిన్న చేతులు, ఇప్పుడు లేని అమ్మ గొంతు... అన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. ఆ వెంటనే గుండె బరువెక్కుతుంది. ఎందుకని?

ఏం జరిగింది?

ముక్కు ఉంది, వాసన ఉంది, దాన్ని తెలుసుకునే విజ్ఞానం ఉంది. ఈ మూడూ కలిస్తే ఫస్స, అంటే స్పర్శ. స్పర్శ వల్ల వేదన కలుగుతుంది. ఇక్కడ వేదన అంటే ఏడుపు కాదు. హాయి, బాధ, రెండూ కాని అనుభూతి. ఆ తర్వాత సఞ్ఞ, అంటే 'ఇది వట్టివేరు' అని గుర్తుపట్టడం. దాని వెంట ఆలోచన, ఆలోచన వెంట అల్లిక. ఈ అల్లికనే పపంచం అంటారు. మధుపిండిక సుత్తంలో మహాకచ్చాన భంతే ఈ వరుసనే విడమరిచి చెప్పాడు.

నేటి శరీరశాస్త్రం ఇంకో మాట చెబుతుంది. వాసన కబురు మెదడులో ఉద్వేగానికి, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలకు చాలా దగ్గర దారిలో చేరుతుంది. అందుకే వాసన పేరు తట్టకముందే మనసు కదిలిపోతుంది.

జ్ఞాపకం తప్పా?

కాదు. సిద్ధార్థుడు కఠోర తపస్సుతో శరీరాన్ని ఎండగట్టి, దారి దొరకక నిలిచిపోయినప్పుడు ఆయనకు సాయపడింది ఒక చిన్ననాటి జ్ఞాపకమే. తండ్రి పనిలో ఉండగా తాను నేరేడు చెట్టు చల్లని నీడలో కూర్చుని ధ్యానంలో ప్రశాంతంగా ఉన్న సంగతి గుర్తొచ్చింది. 'జ్ఞానోదయానికి దారి ఇదేనేమో' అనుకున్నాడు. మహాసచ్చక సుత్తంలో ఈ విషయం ఉంది. ఆయన ఆ నీడ కోసం కపిలవస్తుకు తిరిగి వెళ్ళలేదు. ఆ జ్ఞాపకం నేర్పింది తీసుకుని, ఆహారం తిని, ముందుకు నడిచాడు.

మరి దుఃఖం ఎక్కడిది?

'నా ముక్కు అప్పుడు అలా ఉండేది, వాసనలు అలా ఉండేవి' అని తలచుకోవడంతోనే చిక్కు రాదు. ఆ తలపుకు కోరిక ముడిపడితే వస్తుంది. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చి, మంచినీళ్ళు తెచ్చిన మనవరాలిని విసుక్కునే తాతయ్యను చూడండి. పోయిన వేసవి ఎలాగూ చేతికి రాదు. ఎదురుగా ఉన్న పిల్ల ప్రేమ కూడా చేజారుతోంది.

ధమ్మపదంలో తణ్హావగ్గం ఉంది. తణ్హ పట్టినవాడి దుఃఖం వాన తడిసిన బీరణ గడ్డిలా పెరుగుతుందనే ఉపమానం అందులోదే. ఆ గడ్డి వేరే ఉసీరం, మన వట్టివేరు. ఉసీరం కావలసినవాడు గడ్డి కోసి ఊరుకోడు, వేళ్ళదాకా తవ్వుతాడు. తణ్హనూ అలాగే తవ్వమన్నాడు బుద్ధుడు. వట్టివేళ్ళు 3 మీటర్ల దాకా కూడా దిగుతాయి. 'ఇక తలచుకోను' అని ఒట్టు పెట్టుకోవడం పైన గడ్డి కోయడమే. మళ్ళీ మొలుస్తుంది.

వేరు దాకా చూద్దాం

తడిక గదిని ఎలా చల్లబరిచింది? వడగాలి తడి వేళ్ళ గుండా వస్తుంటే నీరు ఆవిరై వేడిని లాగేసుకుంది. ఆ నీళ్ళు ఎవరు పోశారు? గంటగంటకూ ఎండలోకి వెళ్ళి తడిక తడిపింది అమ్మో, పనిమనిషో. లోపల పడుకున్న మనకు ఆ వేసవి చల్లన. వాళ్ళకు? జ్ఞాపకం చల్లదనాన్ని దాచుకుని, ఆ చెమటను వదిలేసింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తే 'నా తీపి వేసవి' అనే పట్టు సడలుతుంది. ఆ చోట కృతజ్ఞత పుడుతుంది. ముందుగా మేలు చేసేవారు, చేసిన మేలు ఎరిగి బదులు చేసేవారు, ఈ ఇద్దరూ లోకంలో అరుదని బుద్ధుడు అన్నాడు.

అభ్యాసం

1. పాత వాసన తగిలినప్పుడు ఆగండి. 'ఇది వాసన' అని గమనించండి.
2. ఒంట్లో ఏం కదిలిందో చూడండి. హాయి అయితే హాయి, బరువైతే బరువు. కన్నీళ్ళు వస్తే రానివ్వండి, అణచకండి.
3. 'మళ్ళీ కావాలి' అనే లాగుడు మొదలైందా? దాన్ని తిట్టకుండా చూడండి. అది పెరుగుతుంది, తగ్గుతుంది, పోతుంది. అదే అనిచ్చం.
4. ఆ జ్ఞాపకంలో మీకు మేలు చేసినవారిని తలచుకోండి. బతికి ఉంటే ఈరోజే పలకరించండి. లేకపోతే, ఎండలో మీ గుమ్మానికి వచ్చినవారికి వాళ్ళ పేరున చల్లని మంచినీళ్ళు ఇవ్వండి.